47వ పేజీ చూడుడు

అది 2009వ సంవత్సరం. డాక్టరేటు పట్టా చేతికి వచ్చి ఎంతో కాలం కాలేదు. అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో, రసాయనశాస్త్ర ప్రయోగశాలలో పరిశోధకుడిగా పనిచేస్తున్నాను. ఆ ప్రయోగశాలలో కొత్తగా చేరే విద్యార్థుల కోసం ఒక కరదీపిక ఉండేది. ఏ ద్రావణిని ఎలా శుద్ధి చేయాలి, ఏ వ్యర్థాన్ని ఎక్కడ వేయాలి, నిప్పు అంటుకుంటే ఏం చేయాలి వంటి విషయాలన్నీ అందులో ఉండేవి. దానికి రెండవ ముద్రణ సిద్ధం చేసే బాధ్యత నాపై పడింది. మొదటి అధ్యాయం తరువాత కంటి రక్షణ, చేతి తొడుగుల గురించి నాలుగు పేజీలు చేర్చాను. అక్షరదోషాలు దిద్దాను. అట్ట రంగు మార్చాను. పని బాగా చేశానని నాలో నేనే మెచ్చుకున్నాను.

కొన్ని వారాల తరువాత ఒక సాయంత్రం, మన తెలుగునాట నుండి అప్పుడే వచ్చి చేరిన ఒక కుర్రవాడు, ఈథర్ శుద్ధి చేసిన ఫ్లాస్కును పట్టుకుని కుళాయి వైపు నడుస్తున్నాడు. ఆ ఫ్లాస్కు అడుగున బూడిదరంగు మడ్డి ఉంది. ఆ మడ్డిలో సోడియం ముక్కలున్నాయి. ఈథర్‌లో తేమ లేకుండా చేయటానికి సోడియం వేసి మరిగించటం ఆ రోజుల్లో మా ప్రయోగశాలలో అలవాటు. సోడియం నీటిని తాకితే హైడ్రోజన్ పుడుతుంది, ఆ వేడికే అది భగ్గుమంటుంది, పక్కనే ఈథర్ ఆవిరి ఉంటే ఇక చెప్పనక్కరలేదు. అదృష్టవశాత్తూ నేను చూసి కేకవేశాను. అతడు నిర్ఘాంతపోయి ఆగాడు.

“అదేమిటయ్యా, దాన్ని నీటితో కడుగుతావా?” అన్నాను. “పుస్తకంలో నలభై ఏడవ పేజీ చూడమన్నారు కదండీ, చూశాను. ముందు ధారాళంగా నీటితో కడగమని ఉందండీ” అన్నాడు పాపం.

అతడు చెప్పింది అక్షరాలా నిజం. ఈథర్ ఫ్లాస్కుల అవశేషాల గురించి పట్టికలో “47వ పేజీ చూడుడు” అనే ఉంది. మొదటి ముద్రణలో 47వ పేజీలో సోడియాన్ని నైట్రోజన్ వాయువు రక్షణలో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కచుక్కగా వేసి నెమ్మదిగా చల్లార్చే పద్ధతి ఉండేది. నేను చేర్చిన నాలుగు పేజీల పుణ్యమా అని అది 51వ పేజీకి జరిగింది. అంతకుముందు 43వ పేజీలో ఉన్న మామూలు గాజు పాత్రలు కడిగే విధానం 47వ పేజీలోకి వచ్చి కూర్చుంది. ఆ పట్టికలోని సంఖ్య మాత్రం కదలలేదు. ఎందుకంటే దాన్ని ఎవరో, ఎప్పుడో, చేత్తో కొట్టారు. నేను దాన్ని చూడలేదు.

ఆ కుర్రవాడిది తప్పు కాదు. యంత్రానిదీ కాదు. తప్పు నాది. ఆ రాత్రి ఇంటికి పోయి ఆ కరదీపిక మొత్తం మళ్ళీ చదివాను. ఒక పేజీని మరొక పేజీకి ముడిపెట్టే సూచనలు 63 ఉన్నాయి. నేను చేర్చిన పేజీలను దాటి ముందుకు చూపేవన్నీ దారి తప్పినవే. నాటి నుండి ఈ విషయం నా మనస్సును వదలలేదు. విజ్ఞానశాస్త్ర విభాగంలో అణువుల గురించో నక్షత్రాల గురించో రాయక పుస్తకాల పేజీ సంఖ్యల గురించి రాయటమేమిటని పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. విజ్ఞానం ప్రయాణించేది పుస్తకాల మీదనే కదా! దారి చూపే పలక తప్పయితే బండి ఎంత గట్టిదైనా ఏం లాభం?

సూచన అంటే ఒక వాగ్దానం

పుస్తకంలో ఒకచోట నుండి మరొకచోటికి పాఠకుణ్ణి పంపే సూచనను ఇంగ్లీషులో క్రాస్ రిఫరెన్స్ అంటారు. ఈ వ్యాసంలో దాన్ని ప్రతినిర్దేశం అందాం. “3వ అధ్యాయం చూడండి”, “12వ పటంలో చూపినట్లు”, “వివరాలకు 47వ పేజీ” అనేవన్నీ ప్రతినిర్దేశాలే. మన నిఘంటువులలో “చూ.” అని పొట్టిగా రాసేది కూడా ఇదే.

ప్రతినిర్దేశం అంటే రచయిత పాఠకుడికి చేసే వాగ్దానం. “నీవు చదువుతున్నది ఆపి, నేను చెప్పినచోటికి వెళ్ళు. నీకు కావలసినది అక్కడ ఉంటుంది” అని దాని అర్థం. పాఠకుడు ఆ మాట నమ్మి పేజీలు తిప్పుతాడు. అక్కడ అది లేకపోతే ఒకసారి వెతుకుతాడు, రెండవసారి విసుక్కుంటాడు, మూడవసారి పుస్తకం మూస్తాడు. అక్షరదోషం కనపడితే పాఠకుడు తనంతట తానే సరిదిద్దుకుని చదువుకోగలడు. తప్పు ప్రతినిర్దేశాన్ని అలా దిద్దుకోలేడు. సరైన చోటు ఏదో అతనికి తెలియదు కనుకనే కదా మనం చెప్పింది! అందుచేత ముద్రణదోషాలన్నింటిలోనూ దీనిని నేను పెద్ద దోషంగా భావిస్తాను.

పేజీ మారినా చెడని చిరునామా

ఈ సమస్య కంప్యూటర్లతో పుట్టింది కాదు. పూర్వులు దీనికి చక్కని పరిష్కారం కనిపెట్టారు. చిరునామాను కాగితానికి కాక పాఠానికి కట్టటం. గజేంద్ర మోక్షం పోతన భాగవతంలో అష్టమ స్కంధంలో ఉన్నదంటే, తాటాకు ప్రతిలోనైనా, ఏ ముద్రాపకులు వేసిన ప్రతిలోనైనా, ఈనాడు చేతిలోని ఫోనులోనైనా అది అష్టమ స్కంధంలోనే ఉంటుంది. పర్వం, ఆశ్వాసం, పద్యసంఖ్య అని చెప్పితే భారతంలోని ఏ పద్యాన్నైనా వెతికి పట్టుకోవచ్చు. పాఠభేదాల వల్ల సంఖ్య కొంచెం అటూఇటూ అయినా మనిషి దారి తప్పడు.

పాశ్చాత్యులు వేరొక ఉపాయం చేశారు. ప్లేటో రచనలను హెన్రీ ఎస్టియెన్ 1578లో జెనీవాలో ముద్రించాడు. నేటికీ పండితులు ప్లేటోను ఉదహరించేటప్పుడు ఆ 1578 నాటి పేజీ సంఖ్యలనే వాడతారు. కొత్త ముద్రణల్లో వాటిని అంచుల్లో వేస్తారు. అంటే ఒకనాటి పేజీ సంఖ్యే కాలక్రమాన పాఠానికి అంటుకున్న శాశ్వతమైన చిరునామా అయింది.

న్యాయశాస్త్రంలో ఉన్నంత గట్టి పాఠం మరెక్కడా లేదు. భారత శిక్షాస్మృతి 1860 నాటిది. 1983లో భార్యను హింసించటాన్ని నేరంగా చేరుస్తూ కొత్త సెక్షను ఒకటి పెట్టవలసి వచ్చింది. 498కి, 499కి నడుమ దానికి చోటు దొరికింది. దానికి 499 అని పేరు పెడితే ఆ పైనున్న సంఖ్యలన్నీ ఒక్కొక్కటి జరగాలి. అంతకుముందు వచ్చిన తీర్పులు, వ్యాఖ్యానాలు, ఇతర చట్టాలలోని ప్రస్తావనలు అన్నీ తప్పవుతాయి. అందుకని 498ఎ అన్నారు. ఒక్క అక్షరం చేర్చి పాత సంఖ్యలన్నింటినీ కాపాడారు.

2024 జూలై 1న ఆ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. ఈసారి సంఖ్యలన్నీ మారాయి. హత్యకు శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103 అయింది. మోసానికి సంబంధించిన 420 ఇప్పుడు 318లో చేరింది. మన భాషలో మోసగాణ్ణి “ఫోర్ ట్వంటీ” అనటం వాడుక. ఇకపై పుట్టే పిల్లలు ఆ మాట విని ఏ పుస్తకం తెరిచి చూసినా అర్థం దొరకదు. నిత్యజీవితంలో మనం వాడే మాట ఒకటి, మన కళ్ళ ముందే, దారి తప్పిన ప్రతినిర్దేశం అయిపోయింది.

మా రసాయనశాస్త్రంలోనూ ఇదే కథ. ఒక పదార్థానికి పది పేర్లుంటాయి. పేర్లు పెట్టే నియమాలు కూడా కాలాన్ని బట్టి మారుతాయి. అందుచేత కెమికల్ యాబ్‌స్ట్రాక్ట్స్ వారు 1965 నుండి ప్రతి పదార్థానికి ఒక సంఖ్య ఇస్తున్నారు. నీటి సంఖ్య 7732-18-5. ఇందులో నీటి గుణాల గురించి ఏమీ లేదు. అర్థం లేకపోవటమే దాని బలం. పేరు మారినా సంఖ్య మారనక్కరలేదు. చివరి అంకె కాపలాదారు వంటిది. దాన్ని పక్కన పెట్టి, మిగిలిన అంకెలను కుడి నుండి ఎడమకు వరుసగా 1, 2, 3, 4, 5, 6లతో గుణించి కూడితే 105 వస్తుంది. అందులో చివరి అంకె 5. ఒక అంకె తప్పు కొడితే చాలా సందర్భాలలో లెక్క కుదరదు, దోషం బయటపడుతుంది. ఒక్క సంఖ్యను కాపాడటానికి ఇంత శ్రద్ధ! మరి మన పుస్తకాలలోని సంఖ్యలకు కాపలా ఎవరు?

యంత్రం ఎలా పనిచేస్తుంది

పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ చేసేది కూడా సరిగ్గా ఇదే. గమ్యస్థానం దగ్గర కంటికి కనపడని ఒక గుర్తు నాటుతుంది. సూచన రాసేచోట మనం సంఖ్య కొట్టము, “ఆ గుర్తు ఏ పేజీలో ఉంటే ఆ సంఖ్య ఇక్కడ వేయి” అని చెబుతాము. గుర్తు ఎక్కడికి జరిగినా సంఖ్య దానితో పాటు మారుతుంది. సోడియం 51వ పేజీకి పోతే పట్టికలో 51 అని పడుతుంది.

శాస్త్రజ్ఞులకు ఈ సౌకర్యం ముందుగానే అందింది. డొనాల్డ్ నూత్ తన గ్రంథపు అచ్చుప్రతుల తీరు నచ్చక 1977లో టెక్ అనే వ్యవస్థను తయారుచేయటం మొదలుపెట్టాడు. దానిపైన లెస్లీ లాంపోర్ట్ 1980లలో లేటెక్‌ను నిర్మించాడు. అందులో గమ్యం దగ్గర లేబుల్ అని ఒక పేరు పెట్టి, కావలసినచోట రెఫ్ అనో పేజ్‌రెఫ్ అనో రాస్తే సరిపోతుంది. పెద్ద పెద్ద యంత్రాల నిర్వహణ గ్రంథాలు కూర్చేవారికి ఫ్రేమ్‌మేకర్ వచ్చింది. దాన్ని 1995లో అడోబీ సంస్థ కొనుగోలు చేసింది. అదే సంస్థ 1999లో విడుదల చేసిన ఇన్‌డిజైన్‌లో మాత్రం ఈ సౌకర్యం 2008 వరకు, అంటే సీఎస్4 వచ్చేదాకా, లేదు. మన తెలుగు ప్రచురణ రంగంలో ఏళ్ళ తరబడి రాజ్యమేలిన పేజ్‌మేకర్‌లో విషయసూచిక, పదసూచిక తయారుచేసుకునే వీలుండేది కాని, వాక్యం మధ్యలోని పేజీ సంఖ్య తనంతట తాను మారే వీలు లేదు. చేత్తో కొట్టే అలవాటు మనవారికి అక్కడే స్థిరపడిందని నా అభిప్రాయం.

ఇందులో శాస్త్రపరంగా ఒక చిక్కు ఉంది. నాకు అన్నింటికంటే ఆసక్తి కలిగించేది అదే. పేజీలు కూర్చాలంటే ప్రతి వాక్యం పొడవు తెలియాలి. వాక్యం పొడవు తెలియాలంటే అందులో పడే పేజీ సంఖ్య తెలియాలి. పేజీ సంఖ్య తెలియాలంటే పేజీలు కూర్చి ఉండాలి. గుడ్డు ముందా, కోడి ముందా అన్నట్లు!

క్వాంటం రసాయనంలో ఇటువంటి చిక్కునే డగ్లస్ హార్ట్రీ 1928లో ఎదుర్కొన్నాడు. ఒక ఎలక్ట్రాన్ స్థితి మిగిలిన ఎలక్ట్రాన్లపై ఆధారపడి ఉంటుంది. వాటి స్థితి మళ్ళీ దీనిపై ఆధారపడుతుంది. అందుకని ముందు ఒక ఊహతో మొదలుపెట్టి లెక్క వేస్తారు. వచ్చిన ఫలితంతో మళ్ళీ లెక్క వేస్తారు. ఒక దఫాకూ తరువాతి దఫాకూ తేడా లేనప్పుడు ఆగుతారు. దీన్ని స్వయంసంగత క్షేత్ర పద్ధతి అంటారు. లేటెక్ చేసేది అచ్చంగా ఇదే. మొదటి దఫాలో సంఖ్యలు తెలియవు కనుక రెండు ప్రశ్నార్థకాలు వేసి, గుర్తులు ఎక్కడ పడ్డాయో వేరొక ఫైలులో రాసుకుంటుంది. రెండవ దఫాలో ఆ ఫైలు చూసి సంఖ్యలు నింపుతుంది. సంఖ్యలు మారినట్లు కనపడితే మళ్ళీ నడపమని హెచ్చరిస్తుంది.

స్వయంసంగతి ఒక్కొక్కసారి ఎన్నటికీ కుదరదు. పేజీ చివరి పంక్తిలో ఒక సూచన ఉన్నదనుకోండి. దాని గమ్యం తరువాతి పేజీ మొదట్లో ఉంది. “తరువాతి పేజీలో చూడండి” అని యంత్రం వేస్తుంది. ఆ మాట పొడవు వల్ల ఆ పంక్తి తరువాతి పేజీకి దొర్లుతుంది. ఇప్పుడు సూచన, గమ్యం ఒకే పేజీలో ఉన్నాయి కనుక “ఈ పేజీలో చూడండి” అని మారుతుంది. మాట పొట్టిది కావటంతో పంక్తి మళ్ళీ వెనకటి పేజీకి వస్తుంది. మళ్ళీ “తరువాతి పేజీలో”! ఇలా లోలకం వలె ఊగుతూనే ఉంటుంది. దీనికి మందు ఒక్కటే. మనిషి కల్పించుకుని ఆ వాక్యాన్ని కొంచెం మార్చి రాయాలి. ఎంత తెలివైన యంత్రమైనా ఒకచోట మనిషి కలం కోరుతుందనటానికి ఇది చక్కని ఉదాహరణ.

మన భాషకు అనువుగా

కొన్ని సంవత్సరాల క్రితం మా సంఘం వారు ఇక్కడి పిల్లల కోసం తెలుగు వాచకం ప్రచురించదలచి కూర్పు పని నాకు అప్పగించారు. ఇరవై నాలుగు పాఠాలు, చివర కఠిన పదాల పట్టిక, మధ్య మధ్య “ఈ మాట 7వ పాఠంలో నేర్చుకున్నాము” వంటి సూచనలు. ఇన్‌డిజైన్‌లో ప్రతినిర్దేశాలు పెట్టబోతే మొదటి అడుగులోనే చిక్కు వచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే నమూనా ప్రకారం శీర్షిక, ఆ తరువాత ఇంగ్లీషులో “ఆన్ పేజ్”, ఆ పైన సంఖ్య పడతాయి. తెలుగు వాక్యం నడుమ అది పంటి కింద రాయిలా ఉంటుంది. మన నమూనా మనమే తయారుచేసుకోవాలి.

అప్పుడు మన వ్యాకరణాన్ని కొత్త కళ్ళతో చూశాను. “పట్టిక 10ని చూడండి” అని రాశామనుకోండి. రేపు ఆ పట్టిక 12 అయితే “పట్టిక 12ను చూడండి” అనాలి. పది ఇకారాంతం కనుక ‘ని’, పన్నెండు ఉకారాంతం కనుక ‘ను’. సంఖ్యను యంత్రం మారుస్తుంది, విభక్తిని మార్చదు. ఇంగ్లీషువారికి ఈ బాధ లేదు. అయితే తెలుగులోనే దీనికి అందమైన పరిష్కారం ఉంది. “10వ పట్టికను చూడండి” అంటే చాలు. సంఖ్య ఏదైనా ‘వ’ మారదు. విభక్తి సంఖ్యకు కాక ‘పట్టిక’ అనే మాటకు అంటుకుంటుంది. ఆ మాట స్థిరం కనుక వాక్యం చెక్కుచెదరదు. మన పెద్దలు ఏ కంప్యూటరునూ ఊహించకుండానే యంత్రానికి అనువైన పదబంధాన్ని మనకు ఇచ్చిపోయారు!

శీర్షికల విషయం ఇంకొంచెం సున్నితం. “రసాయన బంధం” అనేది అధ్యాయం పేరు అనుకుందాం. “రసాయన బంధానికి వెళ్ళండి” అంటే పేరు రూపమే మారిపోయింది. యంత్రం తెచ్చిపెట్టేది “రసాయన బంధం” అనే మూలరూపాన్నే. అందుకని శీర్షికను ఉద్ధరణ చిహ్నాలలో ఉంచి “అనే అధ్యాయానికి” అని రాయటం క్షేమం. అదే విధంగా “పైన ఇచ్చిన పటం”, “కింది పట్టిక” అనే మాటలు మానుకోవాలి. కూర్పులో పటం వెనక పేజీకి పోయిందంటే “కింది” అన్నది అబద్ధమవుతుంది. ఆ అబద్ధాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోలేదు.

మరొక ప్రతిబంధకం అక్షరరూపాలది. యూనికోడ్ మొదటి సంచిక 1991లో వచ్చినప్పుడే అందులో తెలుగుకు స్థానం దొరికింది. అయినా మన ప్రచురణ రంగం చాలాకాలం అను వంటి పాత ఫాంట్లతోనే నడిచింది. వాటిలో తెరమీద కనపడేది తెలుగు, లోపల దాగినది లాటిన్ అక్షరాల సంకేతాలు. యంత్రానికి అది తెలుగని తెలియదు కనుక మాటను వెతకమంటే వెతకలేదు, పదసూచికను అకారాదిగా పేర్చమంటే పేర్చలేదు. ఇన్‌డిజైన్ 2012 నాటి సీఎస్6 నుండి యూనికోడ్ తెలుగును సరిగా కూర్చగలుగుతున్నది. ఉచితంగా దొరికే లేటెక్ కుటుంబంలో 2004లో వచ్చిన జీటెక్ ఆ పని చేస్తున్నది. లిబ్రే ఆఫీసులో కూడా ప్రతినిర్దేశాలు పెట్టుకోవచ్చు, అదీ ఉచితమే. కనుక నేడు సాధనాలు లేవనే మాట చెల్లదు.

ఆ వాచకం అచ్చుకు పోవలసిన ముందురోజు రాత్రి పదకొండు గంటలకు ఫోను మోగింది. అధ్యక్షుల వారి సందేశం రెండు పేజీలు ఆలస్యంగా వచ్చిందనీ, ముందే వేయాలనీ కార్యదర్శి గారి కోరిక. ఇటువంటి ప్రత్యేక సంచికలకు పనిచేసిన ప్రతి ఒక్కరికీ ఈ అనుభవం ఉండే ఉంటుంది! పాత పద్ధతిలో అయితే ఆ రాత్రి నాకు నిద్ర ఉండేది కాదు. సందేశం చేర్చాను, ప్రతినిర్దేశాలన్నీ ఒక్కసారి నవీకరించమన్నాను, రెండు నిమిషాల్లో పని ముగిసింది. ఆ తరువాత గంటసేపు ఒక్కొక్క సూచనా తెరిచి చూసి పడుకున్నాను.

ఆక్షేపణలూ సమాధానాలూ

ఆ గంట ఎందుకని మీరు అడగవచ్చు. యంత్రం సంఖ్యను కాపాడుతుంది, సంబంధాన్ని కాపాడదు. గమ్యస్థానంలోని గుర్తు అలాగే ఉండి, అక్కడి విషయాన్ని ఎవరైనా తిరగరాసి ఉంటే సంఖ్య సరిగానే ఉంటుంది, వాగ్దానం మాత్రం భంగమవుతుంది. ఇన్‌డిజైన్‌లో ఆ గుర్తు పేరా మొదట్లో ఉంటుంది. దిద్దుబాటు చేసేవారు తెలియక దాన్ని తుడిచివేస్తే బంధం తెగిపోతుంది. ఆ సంగతిని సాఫ్ట్‌వేర్ ఎర్ర జెండాతో చూపుతుంది గాని, ఆ జెండాను చూసే కన్ను మనదే. వర్డ్‌లో గమ్యం పోయినచోట “రిఫరెన్స్ దొరకలేదు” అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం పడుతుంది. దాన్ని కూడా గమనించక యథాతథంగా అచ్చు వేసిన నివేదికలను నేను చూశాను.

యంత్రం చేరలేని చోట్లు కూడా ఉన్నాయి. మా పరిశోధన పత్రాలలో పదార్థాలకు 1, 2, 3 అని వరుస సంఖ్యలిస్తాము. వాక్యాలలోని సంఖ్యలను సాఫ్ట్‌వేర్ మార్చగలదు. కాని కెమ్‌డ్రా వంటి సాధనంతో గీసిన అణునిర్మాణం కింద వేసిన సంఖ్య బొమ్మలో భాగం, అది మామూలుగా కదలదు. మధ్యలో కొత్త పదార్థం ఒకటి చేరితే, పాఠంలో 14 అన్నది బొమ్మలో 13గా మిగిలిపోతుంది. చదివినవాడు వేరొక పదార్థాన్ని తయారుచేస్తాడు. బొమ్మలను చేత్తోనే సరిచూడాలి, వేరే మార్గం లేదు.

“చిన్న పుస్తకాలకు ఇంత హంగామా ఎందుకు?” అంటారు కొందరు మిత్రులు. నలభై పేజీల కవితా సంపుటికి అక్కరలేదని నేనూ ఒప్పుకుంటాను. కాని పాఠ్యపుస్తకం, వైద్య గ్రంథం, వ్యాకరణం, చరిత్ర వంటి వాటికి తప్పదు. “ఇకపై అన్నీ తెరమీదే చదువుతారు, పేజీలెక్కడివి?” అంటారు మరికొందరు. నిజమే, ఈ-పుస్తకంలో అక్షరం పెద్దది చేస్తే పేజీలు మారిపోతాయి, “47వ పేజీ” అనే మాటకు అర్థం ఉండదు. అందుచేతనే సజీవమైన ప్రతినిర్దేశం మరింత అవసరం. చేత్తో కొట్టిన 47 అక్కడ ఒట్టి అంకె. సాఫ్ట్‌వేర్ ద్వారా పెట్టిన సూచన ఈ-పుస్తకంలోకి పోయినప్పుడు వేలు తాకితే గమ్యానికి తీసుకుపోయే లంకె అవుతుంది. దానికి తోడు అధ్యాయ, ప్రకరణ సంఖ్యలు కూడా ఇస్తే, పోతన స్కంధాల వలె, ఆ చిరునామా ఏ రూపంలోనైనా చెల్లుతుంది.

అసలు ఆక్షేపణ వేరే ఉంది. ఎవరూ పైకి అనరు. మన తెలుగు పుస్తకాలలో చాలావాటిలో ప్రతినిర్దేశాలే ఉండవు! “వెనుక ఒకచోట చెప్పుకున్నట్లు”, “ముందు ముందు తెలుసుకుందాం” అని రాసి ఊరుకుంటాం. ఎక్కడ చెప్పుకున్నాం? ఎక్కడ తెలుసుకుంటాం? పాఠకుడు మొదటి నుండి చివరి వరకు ఒక్క బిగిన చదువుతాడని మన నమ్మకం. కథకు అది సరిపోతుంది. శాస్త్రగ్రంథాన్ని ఎవరూ అలా చదవరు. అవసరమైనప్పుడు, అవసరమైనచోట తెరుస్తారు. చేత్తో సంఖ్యలు వేస్తే తప్పిపోతాయనే భయంతోనే మన రచయితలు ఈ అస్పష్టతను అలవాటు చేసుకున్నారేమోనని నా అనుమానం. భయానికి కారణం తొలగిపోయింది కనుక అలవాటు కూడా తొలగాలి.

ఒక విన్నపం

ఈ దేశంలోని మన సంఘాలు ఏటేటా ప్రత్యేక సంచికలు, వాచకాలు, వంటల పుస్తకాలు, స్మారక గ్రంథాలు వేస్తూనే ఉన్నాయి. వాటికి పనిచేసేవారందరూ ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్ళు మేలుకునే స్వచ్ఛంద సేవకులే. వారి నిద్రను కాపాడే నాలుగు మాటలతో ముగిస్తాను. మొదటిది, ఏ పుస్తకమైనా యూనికోడ్‌లోనే కూర్చండి. రెండవది, శీర్షికలకు మొదటి రోజు నుండే స్టైళ్ళు పెట్టి, పేజీ సంఖ్యను ఎక్కడా చేత్తో కొట్టకండి. మూడవది, సందేశాలూ ముందుమాటలూ ఉండే తొలి పేజీలకు రోమను సంఖ్యలు వేసి, అసలు పుస్తకాన్ని 1తో మొదలుపెట్టండి. అప్పుడు ఎన్ని సందేశాలు ఆలస్యంగా వచ్చినా లోపలి సంఖ్యలు కదలవు. నాలుగవది, అచ్చుకు పంపే ముందు, పుస్తకంతో ఏ సంబంధమూ లేని ఒకరిని కూర్చోబెట్టి ప్రతి సూచననూ అనుసరించి చూడమనండి. అతడు దారి తప్పినచోటల్లా మన తప్పు ఉంటుంది.

ఇక్కడ పుట్టి పెరుగుతున్న మన పిల్లలు తెలుగు పుస్తకం తెరవటమే గొప్ప. తెలియని మాట ఒకటి తగిలి, “112వ పేజీ చూడండి” అన్నది చదివి, ఆ పేజీ తిప్పి, అక్కడ ఆ మాట కనపడకపోతే, వారు మళ్ళీ వెతకరు. ఇంగ్లీషు పుస్తకం చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆనాడు ఆ కుర్రవాడు ఫ్లాస్కును కుళాయి కింద పెట్టకముందే నేను చూడగలిగాను. పుస్తకం మూసి పక్కన పెట్టే పిల్లవాణ్ణి మనలో ఎవరూ చూడరు. కేకవేసి ఆపటానికి అక్కడ ఎవరూ ఉండరు. అందుకే ఆ సంఖ్య ముందుగానే సరిగా ఉండాలి.